అటకమీది పెట్టె

మన పత్రిక చేరుచున్న ప్రతి యూరిలోను ఇటువంటి పెద్దమనిషి యొకరు ఉండెడివారు. పేర్లు వేరైనను తీరు ఒక్కటే. పగలు కోర్టులోనో, తాలూకా కచేరీలోనో, నూలు కొట్టులోనో జీవనము. ప్రొద్దుగూకిన తరువాత ఊరిపని. సత్రమునకు చందాలు పోగుచేయుట, పేదపిల్లలకు పుస్తకములు కొనిపెట్టుట, తెలుగు పాఠశాలకు పంతులు దొరకనప్పుడు తామే పోయి పాఠము చెప్పుట. అంతటితో ఊరకుండక, మన కుటుంబములు ఏ కరువునకు వెరచి వచ్చినవో, ఏ నాయకుని దండు వెంట వచ్చినవో, ఏ మగ్గము పనికై వచ్చినవో వృద్ధులను అడిగి తెలిసికొని నోటుపుస్తకములలో వ్రాసికొనుచుండెడివారు. వారు గతించిన పిమ్మట పటము గోడకెక్కినది. కాగితముల పెట్టె అటకెక్కినది. ఈ వారము ఆ పెట్టెను గూర్చి వ్రాయదలచితిమి.

అందులో ఏమున్నవని ఇంటివారి నడిగినచో "ఏమున్నవి, పాత కాగితములు" అందురు. విలువగల దస్తావేజులు బీరువాలో భద్రముగ నున్నవనియు, తక్కినది చిత్తుకాగితమేయనియు వారి యూహ. ఈ లెక్క తలక్రిందులైనది. ఇంటి క్రయపత్రము పోయినచో రిజిస్ట్రారు కచేరీలో నకలు దొరకును. పాఠశాల స్థలమును గూర్చి తాతగారు వ్రాసికొన్న ఉత్తరపు చిత్తుప్రతి పోయినచో లోకములో రెండవ ప్రతి యెక్కడను లేదు. చందా పట్టీని చూడుడు. రూపాయి ఎవరు వేసిరో, అర్ధణా ఎవరు వేసిరో అందున్నది. వంద రూపాయలిచ్చినవారి పేరు శిలాఫలకము మీద చెక్కించియుందురు. అర్ధణా వేసినవారి పేరు ఆ పట్టీలో తప్ప మరెక్కడను లేదు.

దాచిన కాగితము ఎంతటిదగునో చెన్నపట్టణపు తెలుగువారి చరిత్రలోనే గొప్ప నిదర్శనము గలదు. అచ్చటి సుప్రీము కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన సపరివారముగా కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. త్రోవపొడుగున మజిలీలు, బాటలు, వాగులు, ధరలు, జనుల యాచారములు, దొరతనపు పద్ధతులు చూచినవి చూచినట్లు వ్రాసి, మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. పిళ్ళగారు పచ్చయప్ప ధర్మనిధి నిర్వాహకులలో నొకరు, విద్యాదానమునకు పాటుపడినవారు. చేతినిండ పనిగల మనిషి. అయినను ఆ వ్రాతలను ఒక్కటొక్కటిగా దాచిరి. 1836లో వీరాస్వామయ్యగారు స్వర్గస్థులు కాగా, 1838లో మిత్రుని జీవితసంగ్రహముతో సహా వానిని అచ్చువేయించిరి. అదియే కాశీయాత్ర చరిత్ర. నూరేండ్లు గడచిన పిదప, విజయవాడలో న్యాయవాదిగా నుండి స్థానిక చరిత్రకై శ్రమించిన దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దానిని మరల ప్రకటించిరి. ఈ కథలో వీరాస్వామయ్యగారి ప్రతిభను అందరును పొగడుదురు. మేము శ్రీనివాసపిళ్ళగారి పెట్టెను పొగడుచున్నాము. "యాత్ర ముగిసినది గదా, ఇంక ఈ కాగితములెందుకు" అని ఆయన అనుకొనియుండినచో, ఆనాటి హైదరాబాదు, నాగపూరు బాటలను తెలుగు కంటితో చూచిన సాక్షి మనకు మిగిలియుండడు.

మిత్రుని కాగితమును దాచినవారు వీరు. తండ్రి కాగితమును దాచిన బిడ్డలును కలరు. చెన్నపట్టణపు సదరు కోర్టులో అనువాదకులుగా నుండిన వెన్నెలకంటి సుబ్బారావుగారు తమ జీవితకథను ఇంగ్లీషున వ్రాసిపెట్టి 1839లో గతించిరి. ముప్పదినాలుగేండ్లకు, 1873లో, కుమారులు దానిని అచ్చువేయించిరి. ఎట్టయాపురములో సుబ్బరామ దీక్షితులుగారు తమ వంశమున వచ్చిన ముత్తుస్వామి దీక్షితుల కృతుల సంపదను కాపాడియుంచగా, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగున, తెలుగులిపిలో వెలువడినది. దక్షిణపు కొసన, అరవదేశపు నడుమ ఆ గ్రంథము తెలుగున అచ్చుపడుట ఆనాడు ఎవరికిని వింతగా తోచలేదు. తరువాతి తరమున ఆ లిపిని చదువగల గాయకులు తగ్గిరి. మదరాసు సంగీత అకాడెమీవారు దానిని తమిళలిపిలో మరల ప్రకటింపవలసి వచ్చినది. గ్రంథము బ్రతికినది గనుక లిపి మార్చుటకైనను వీలు కలిగినది.

కావలి సోదరుల కథయు ఇచ్చట స్మరింపదగినది. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి గార్లు ఏలూరివారు. కల్నల్ మెకంజీ కొలువులో చేరి కరణముల యిండ్లలోని కవిలెలకు ప్రతులు వ్రాయించి కైఫీయతులు సమకూర్చిరి. 1821లో మెకంజీ చనిపోయెను. ఆ కాగితములు శిథిలము కాసాగగా సి. పి. బ్రౌను దొరగారు తెలుగు కైఫీయతులకు మరల ప్రతులు వ్రాయించిరి. నేడు చరిత్రకారులు చదువుచున్నవానిలో పెక్కు ఈ ప్రతులకు ప్రతులే. కరణముల యిండ్లలోని మూలములలో ఎన్ని నిలిచియున్నవో ఆ యిండ్ల అటకలకే తెలియును.

ఇదంతయు పండితుల వేడుకయని త్రోసివేయువారు కలరు. వారి కొరకు కోర్టు మాట చెప్పుదుము. రాజ్యాంగములోని 30వ అధికరణము మతమును బట్టి గాని భాషను బట్టి గాని అల్పసంఖ్యాకులైన వారికి విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నిచ్చుచున్నది. అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెనని 2002లో టి. ఎం. ఎ. పాయ్ ఫౌండేషను వ్యాజ్యమున సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. అయితే ఫలానా పాఠశాలను స్థాపించినది మనవారేయని చూపుట యెట్లు? 2024 నవంబరు 8వ తేదీన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయపు వ్యాజ్యములో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, మెజారిటీ తీర్పున, దీనికి త్రోవ చూపినది. సంస్థకు మూలమైన ఆలోచన ఎవరిది, ఎవరి మేలునకై తలపెట్టిరి, ధనము, స్థలము ఎవరిచ్చిరి, పని నడిపించినదెవరు అని విచారింపవలెననియు, ఆనాటి ఉత్తరప్రత్యుత్తరములు, తీర్మానములు ఇందుకు సాక్ష్యము కాగలవనియు అందు పేర్కొనబడినది. ఇంతకు ఆ ఉత్తరములెక్కడ? ప్రధానోపాధ్యాయులు మారినపుడెల్ల, కట్టడము సున్నము కొట్టించినపుడెల్ల పాఠశాల బీరువానుండి కొంత కొంత పోయియే యుండును. మిగిలియున్నచో ఆ పెద్దమనిషి రేకుపెట్టెలో మిగిలియుండవలెను. మన తాతలు చేసిన ధర్మమునకు మనుమలు రుజువు చూపవలసిన దినము వచ్చినది.

ప్రభుత్వమువారే వచ్చి కాపాడుదురని కూర్చుండుట తగదు. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టము సర్కారు కచేరీల కాగితములకు సంబంధించినది. 2003లో ఆరంభమైన జాతీయ వ్రాతప్రతుల పథకము డెబ్బదియైదేండ్లకు తక్కువ కాని చేతివ్రాత గ్రంథములను లెక్కలోనికి తీసికొన్నది. ఫర్మానాలు, రెవిన్యూ లెక్కలు మొదలగు చారిత్రక పత్రములను ఆ నిర్వచనమునుండి వేరుచేసినది. ఇంటి చిట్టాలును ఉత్తరములును ఈ రెంటి నడుమ జారిపోవుచున్నవి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారము ప్రముఖుల స్వంత కాగితములను స్వీకరించుచున్నమాట నిజమే. కాని హోసూరులోనో బరంపురములోనో సత్రము నడిపిన మనిషి ఢిల్లీకి ప్రముఖుడగుట యెట్లు?

ఆ పెట్టెలను చదువగలవారును తగ్గుచున్నారు. గంజాము 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మదరాసు రాజధానిలోనిది. తాతలు తెలుగున పద్దు వ్రాసిన యింటిలో మనుమలు చదివినది ఒడియా. బళ్ళారి 1953 అక్టోబరు 1వ తేదీన మైసూరులో చేరినది. యానాములో 1954 వరకు ఫ్రెంచి దొరతనము. ఇంటిలో మాట తెలుగు, నోటరీ వ్రాసిన పత్రము ఫ్రెంచి. షోలాపురపు నేతవారి పిల్లలకు మరాఠీ చదువు. తమిళనాడులో 2006 చట్టము ననుసరించి ఒకటవ తరగతి మొదలుకొని తరగతి వెంట తరగతిగా తమిళము నిర్బంధమైనది. ఆ తొలి తరగతి పిల్లలు ఇప్పుడు ఉద్యోగములలో నున్నారు. తాతగారి సంతకమును గుర్తుపట్టగలిగినవారే, దానిపైనున్న నాలుగు పంక్తులను చదువలేకున్నారు. కనుక చదువగల పెద్దలు ఇంటిలో నుండగనే పెట్టె క్రిందికి దింపవలెను. అవ్వగారు ఆ చేవ్రాతను చూచి "ఇది మా పినమామగారిది" అని చెప్పిన ఒక్క మాటను తరువాత ఏ పండితుడును చెప్పలేడు.

కొందరు మిత్రులు సర్వమును మూటగట్టి ఏదేని విశ్వవిద్యాలయమునకు సమర్పించుట మేలనుచున్నారు. వారి సదుద్దేశమును శంకింపము గాని, ఆ తొందర మాకు సమ్మతము కాదు. పట్టిక లేక ఇచ్చిన మూట ఒక అటకనుండి మరియొక అటకకు పోయినట్లే. ముందు పట్టిక వ్రాయవలెను; ఛాయాచిత్రములు తీసి ఒక ప్రతి ఇంటను, ఒక ప్రతి సంఘమునందును ఉంచవలెను. అటుపిమ్మట మూలములను ఇచ్చుటయా ఉంచుకొనుటయా ఇంటివారి యిష్టము. ఇచ్చినచో, అడిగినవారికి చూపవలెనని, మాకు చెప్పక తొలగింపరాదని షరతులు వ్రాయించుకొని ఇయ్యవలెను.

మరియొక చిక్కును దాచుట మంచిది కాదు. పెట్టెలో అన్నియు ఘనమైన సంగతులే యుండవు. అన్నదమ్ముల వ్యాజ్యములు, తీరని అప్పులు, ఒకరి జబ్బు, మరియొకరి తొందరపాటు, పేర్లతో సహా ఉండును. వంశమునకు అప్రతిష్ఠయని పెట్టెను పెట్టెగా కాల్చిన పెద్దలును కలరు. అట్టి కట్టను వేరుచేసి, ఫలానా సంవత్సరము వరకు విప్పరాదని పైన వ్రాసి ముద్రవేసి యుంచవచ్చును. కొన్ని కాగితములు మరుగుననుంచుటకు ఇంటివారికి హక్కు గలదని మా యభిప్రాయము. సందేహమున్నచో ఆ కట్టకు ఛాయాచిత్రము కూడ తీయనక్కరలేదు.

పట్టిక యనిన భయపడ నక్కరలేదు. కట్టలను కలిపివేయక, ఉన్న వరుసననే యుంచి, కట్టకొక సంఖ్య వేయుడు. ఏ భాష, ఏ లిపి, మొదటి తేదీ, కడపటి తేదీ, ఎవరు ఎవరికి వ్రాసినది, ఇంతమాత్రము చాలును. తుప్పుపట్టిన గుండుసూదులను మెల్లగా తీసివేయుడు. చినిగినచోట అంటుకాగితము అంటింపరాదు, లామినేషను చేయింపరాదు, తేమ చిక్కుకొనును గనుక ప్లాస్టిక్ సంచులలో బిగింపరాదు. శుభ్రమైన నూలుగుడ్డ చాలును. చెదలు సోకిన కట్టను తక్కినవానికి దూరముగ నుంచుడు.

సంక్రాంతికి ఇండ్లు దులుపుట మనకు అలవాటు. భోగిమంటకై పిల్లలు పాతసామానుల కొరకు అటకలు వెదకుదురు. ఈ మారు పిల్లలకంటె ముందు పెద్దలే నిచ్చెన వేసికొని చూడవలెనని మా ప్రార్థన. కనుమ తరువాతి ఆదివారము లోపల పట్టికలు సంఘ కార్యదర్శిగారికి చేరినచో, ఇంటిపేర్లు ప్రకటింపక, ఏ యూర ఏ కాలపు కాగితములున్నవో ఈ పత్రికలో వారము వారము అచ్చువేయుదుము. తెలుగు చదువువారు లేని యిండ్లు ఆ మాట ఒక కార్డుముక్కపై వ్రాసినను చాలును. వచ్చి చదివిపెట్టుటకు సభ్యులలో ఎవరు సిద్ధముగ నున్నారో వారును తమ పేర్లు కార్యదర్శిగారికి తెలుపగోరుచున్నాము.