చదివి ఎవరిని ఉద్ధరింపవలెను?



గడచిన మాసమున వచ్చిన జాబులలో నొకదానిని ఈసారి మీ ముందుంచదలచితిమి. వ్రాసిన సోదరి పేరు చెప్పము. ఆమె మాట అనేక గృహములలో వినబడునదే గావున పేరుతో పనిలేదు. "పెండ్లికి ముందు పుస్తకము పట్టినచో అమ్మ వచ్చి దీప మార్పువరకు విడిచెడిదానను గాను. పండుగనాడు నేను ముగ్గు వేసినచో వీధిని పోవువారు నిలిచి చూచెడివారు. ఇప్పుడు వంట, పిల్లల బడి, మామగారి మందులు, ఆపై నా ఉద్యోగము. రాత్రి పదిగంటలకు నడుము వాల్చి, ఫోను చూచుచు నిద్రపోవుదును. మనస్సునకు ఉత్సాహ మెక్కడినుండి వచ్చును? ఈ వయస్సున చదివి నేనెవరిని ఉద్ధరింపవలెను?" అని ఆమె వ్రాసిరి.

తీరిక లేకుండుట నిజమే. మనసుండిన మార్గముండునని చెప్పి చేతులు దులుపుకొనుట మాకిష్టము లేదు. అట్లు హితవు చెప్పువారి కాఫీ గిన్నెలను కడుగువారు సాధారణముగా వేరొకరై యుందురు. మమ్ము ఎక్కువ బాధించినది కడపటి వాక్యము. చదువునకు ఫలముగా నెవరినో ఉద్ధరింపవలెనట! పురుషుడు పత్రిక విప్పి కూర్చుండినపుడు ఈ ప్రశ్న అతనిని ఎవరును అడుగరు, అతడును అడుగుకొనడు.

ఈ జాబు చదివినపుడు మాకు భండారు అచ్చమాంబగారు జ్ఞప్తికి వచ్చిరి. 1874లో కృష్ణాజిల్లాలో జన్మించిన యీమెకు బడిచదువు లేదు. చిన్ననాటనే వివాహమైనది. భర్త మాధవరావుగారి ఉద్యోగమునుబట్టి తెలుగు మాట వినబడని మధ్యపరగణాలలో కాపురము. తండ్రిని బాల్యముననే కోల్పోయిన తమ్ముడు లక్ష్మణరావు ఆమె కంటె మూడేండ్లు చిన్నవాడు. అతనిని నాగపూరులో తమ యింట నుంచుకొని చదివించిరి. తమ్ముడు చదువుకొనుచుండగా అక్కయు ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ నేర్చుకొనెను. పిమ్మట మరాఠీ మొదలగు మరికొన్ని భాషలును పట్టువడినవి. ఆమె చదువునకు వేరుగా పాఠశాల లేదు, ఉపాధ్యాయుడు లేడు. తమ్మునికి అన్నము పెట్టిన యింటనే అక్షరములును దొరకినవి.

ఆమెకు కలిగిన కొడుకును కూతురును చిన్నతనముననే పోయిరి. ఇట్టి దుఃఖమును గూర్చి పైపై మాటలు వ్రాయుట మాకు చేతకాదు. ఆ తల్లి చేసినది మాత్రము చెప్పెదము: దిక్కులేని పిల్లలను తన యింట నుంచుకొని, అన్నము పెట్టి, చదువు చెప్పించెను. వ్రాతపనియును సాగించెను. స్త్రీలు అబలలనియు, విద్యకు తగరనియు లోకులు చెప్పు మాటలు కల్లలని చూపుటకై మన దేశమున పేరు గాంచిన స్త్రీల చరిత్రలను కూర్చి "అబలా సచ్చరిత్ర రత్నమాల" అను గ్రంథము వ్రాసెను. తెలుగు పుస్తకములు సులభముగా దొరకని ఊళ్ల నుండి, హిందీ, మరాఠీ గ్రంథములను వెదకి, సంసారము నడుమ ఆమె చేసిన కృషి యిది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను. ఆ యేడే ఆమె వ్రాసిన "ధనత్రయోదశి" యను కథ "హిందూసుందరి" పత్రికలో వెలువడెను. పండుగకు చేత కాసులేని దంపతుల కథ యది. అన్యాయపు సొమ్ము ఇంటికి రాబోవునంతలో ఇల్లాలు దానిని వలదనును. తెలుగున తొలి కథ 1910 నాటి గురజాడవారి "దిద్దుబాటు" అని చాలకాలము చెప్పుకొనుచుండిరి. అంతకు ఎనిమిదేండ్లు ముందే ఒక గృహిణి కథ వ్రాసిన సంగతి వెలుగులోనికి వచ్చుటకు ఎంత ఆలస్యమైనదో చూడుడు!

ఆ తమ్ముడే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదున వెలసి నేటికిని నిలిచియున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపకులలో నొకరు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారు. ఆ మండలి పుస్తకములను చూచుభాగ్యము అక్కకు లేకపోయెను. ఆమె 1905లో, ముప్పదియేండ్లకే, కాలధర్మము నొందెను.

జాబు వ్రాసిన సోదరిని అచ్చమాంబగారివలె గ్రంథములు వ్రాయుడని మేము కోరుటలేదు. గొప్పవారి చరిత్రను అట్లు ఎదుట నిలిపినచో చదువరులకు ఉత్సాహము రాదు, భయము పుట్టును. ఆమె ప్రక్కన కూర్చుండిన తీరు మాత్రమే మాకు కావలసినది. మీ యింట బడికిపోవు పిల్లవాడున్నాడు గదా. సాయంకాలము వాని యెదుట కావలివానివలె నిలువక, వాని తెలుగువాచకమును మీరొక పుట బిగ్గరగా చదువుడు. పద్యము మీకు వచ్చును, వానికి రాదు. లెక్క వానికి వచ్చును, మీరు మరచితిరి. మామగారి మందులకై వారి గదికి పోవుచునే యున్నారు. పత్రికలోని చిన్న అక్షరములు వారి కంటికి ఆనుచున్నవా? మందు ఇచ్చినవెంటనే వెడలిపోక పది నిమిషములు చదివి వినిపించినచో, విన్నవారికెంత ఊరటయో చదివినవారికిని అంతే.

ముగ్గును గూర్చి యొకమాట. వీధివారు నిలిచి చూచునంతటి ముగ్గు దినదినము వేయుట ఎవరివలనను కాదు. మేడలమీది యిండ్లలో వాకిలియే మూరెడు. ఆ మూరెడులో నాలుగు చుక్కలు పెట్టి మెలిక త్రిప్పుడు. ప్రక్కయింటి పాప చూచుచున్నచో పిండి దాని చేతికిచ్చి, వంకర పోయినను పోనిండు. ఉత్సాహము పూర్తిగా సిద్ధమైన పిమ్మట పనికి పూనుకొందమనుకొనువారు కూర్చుండియే యుందురు. పిండి వ్రేళ్లనుండి జారునపుడే అది మెల్లగా వచ్చును.

ఇక కొందరిండ్లలో నిజమైన చిక్కు వేరు. చదువుచున్న స్త్రీని చూచినవారికి ఆమె పనిలేక కూర్చున్నట్లు తోచును. వెంటనే ఒక కేక వేయుదురు. అందుచేత మనవారు పుస్తకమును దొంగసొమ్మువలె దిండుక్రింద దాచుచున్నారు. ఇది తగదు. రాత్రి భోజనములైన పిమ్మట అరగంట నాదని ఇంటివారితో స్పష్టముగా, సౌమ్యముగా చెప్పుడు. మొదటి వారము గొణుగుడు వినబడవచ్చును. ఆ అరగంటలో గిన్నెలు ఎవరు తోమవలెనో కూడ అప్పుడే నిర్ణయించుకొనుడు. లేనిచో అవి ఉదయమునకై మీ కొరకే కాచుకొనియుండును.

"ధనత్రయోదశి" చిన్న కథ. ఒక్క రాత్రిలో ముగియును. మామగారికి చదివి వినిపింపుడు. ఆ యిల్లాలు చేసినది సరియేనని వారనిరో, లోకము తెలియని పిల్ల యనిరో మాకు వ్రాయుడు.