ఆగి ఆగి నడిచే ట్రాక్టరు

పాత ట్రాక్టరు ఉన్న ఇళ్లవారు మమ్మును తరచుగా అడిగే సంగతి ఒకటున్నది. "అయ్యగారూ, బండి పొద్దున బాగానే స్టార్టవుతుంది. అరగంట దున్నేసరికి దమ్ము తగ్గి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతే అక్కడ ఒక్కసారి కూడా ఆగదు" అని.

పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం తేలిక. కాసేపు నడిచి కాసేపు ఆగే బండితోనే చిక్కు. ఏది చెడిందో తెలియక ముందు ఫిల్టర్లు మారుస్తారు, తరువాత ఫీడ్ పంపు, అటుపైన నాజిల్సు, చివరకు పెద్ద పంపును విప్పించి కాలిబ్రేషనుకు పట్నం పంపిస్తారు. నాట్ల కాలంలో పంపు పట్నంలో, ట్రాక్టరు చావిట్లో, అప్పు మాత్రం ఇంట్లో. మేమెరిగిన ఒక రైతు సోదరుడు ఈ వరుసంతా చేయించాడు. చివరకు తేలినదేమనగా, ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం మట్టితో పూడుకొని ఉన్నది. గుండుసూదితో అయ్యే పని.

నూనె డబ్బాకు ఒక్కటే చిల్లు పొడిస్తే నూనె సరిగా రాదని మన ఇళ్లలో ఆడవారందరికీ తెలుసు. రెండవ వైపు ఇంకొక చిల్లు పొడుస్తారు. ట్యాంకు సంగతీ అంతే. డీజిలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే డీజిలు దిగడం మానుతుంది, ఇంజను ఆకలితో ఆగిపోతుంది. ఆగిన పది నిమిషాలలో ఏదో సందు గుండా కొంచెం గాలి చొరబడుతుంది గనుక మళ్లీ నడుస్తుంది. మూత పోయినదని పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు బిగించేవారికి మన ఊళ్లలో కొదువ లేదు. వారి బండికీ ఇదే రోగం.

కాబట్టి ఈసారి ఆగినప్పుడు ఏమీ విప్పక మునుపు మూత తిప్పి చూడండి. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకొని, బండి వెంటనే అందుకొంటే దొంగ దొరికినట్టే. శబ్దమేమీ రాకపోతే ట్యాంకు అడుగున అనుమానించాలి. ఎండుటాకు గాని, గుడ్డపీలిక గాని, తుప్పు పెచ్చు గాని డీజిలుతోపాటు కొట్టుకొనివచ్చి కుళాయి నోటికి అడ్డం పడుతుంది. ఇంజను ఆగగానే లాగే శక్తి ఉండదు గనుక తేలి పక్కకు పోతుంది. మెకానిక్కు వచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేసి కడిగితే తప్ప ఆ ఆకు బయటపడదు.

మెకానిక్కుకు మీరు చేయగల పెద్ద సాయం, బండి ఎప్పుడు ఆగుతున్నదో గుర్తుపెట్టి చెప్పడం. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉండి, ట్రాలీ నిండా ఇటుకలతో గట్టు ఎక్కేటప్పుడే నీరసపడితే ముందుగా ఫిల్టరు మూసుకుపోయినదేమో చూడాలి. ఊరికే నడవడానికి ఆ సన్నధార చాలు, బరువు లాగడానికి చాలదు. రాత్రంతా నిలిపితే పొద్దున ఒక పట్టాన స్టార్టవక, ఒకసారి అందుకొన్నాక సాయంత్రం వరకు బాగుంటే ఎక్కడో గాలి పీలుస్తున్నది. ఇంజను శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగుతున్నా గాలినే మొదట అనుమానించాలి. ఎర్రబారి చిట్లిన రాగి వాషరు, పగిలిన రబ్బరు గొట్టం, ఫిల్టరు గిన్నె కింద నలిగిపోయిన రింగు, వీటి గుండా గాలి చొరబడుతుంది. తమాషా ఏమిటంటే, లోపలికి గాలి పీల్చే చోట డీజిలు బయటికి కారకపోవచ్చును. అందుకే తడి కనబడలేదని ఆ చోటును వదిలేస్తారు. ఫిల్టరుకు ముందూ వెనుకా ఒక జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తాత్కాలికంగా కలిపితే బుడగలు ఎక్కడ మొదలవుతున్నాయో కంటికే కనబడతాయి.

ఇవి చూసినా తేలకపోతే ఏమి చేయాలి? 1980, 90 దశకాలలో అమెరికాలో తయారైన ఫోర్డ్ పికప్ ట్రక్కులలో చాలావాటికి రెండేసి పెట్రోలు ట్యాంకులుండేవి. డ్రైవరు ముందున్న స్విచ్చి నొక్కితే ఒక ట్యాంకు ఆగి రెండవది అందుకొంటుంది. ఆ బండ్లలో ఇంజెక్షను రకాలకు ఒక్కొక్క ట్యాంకులో ఒక్కొక్క పంపు. బండి ఆగి ఆగి నడుస్తుంటే అక్కడివారు మొదట చేసే పని ట్యాంకు మార్చి చూడడం. ఒక ట్యాంకు మీదనే ఆగుతుంటే లోపం ఆ ట్యాంకు వైపున, దాని పంపులోనో గొట్టంలోనో ఉన్నది. రెండింటి మీదా ఆగుతుంటే రెండూ కలిసిన తరువాతి దారిలో, ఫిల్టరులోనో మరొక చోటనో ఉన్నది. ఒక్క స్విచ్చితో సగం బండిని అనుమానం నుండి తప్పించవచ్చును.

మన ట్రాక్టరుకు రెండవ ట్యాంకు లేదు, అయితే అయిదు లీటర్ల డబ్బాతో చేసికొనవచ్చును. ట్యాంకు కుళాయి కట్టివేసి, ఫీడ్ పంపులోనికి వచ్చే పైపు విప్పి, డబ్బా నుండి డీజిలుకు పనికివచ్చే గొట్టం అక్కడ బిగించండి. డబ్బా ట్యాంకు ఎత్తులో గట్టిగా కట్టి ఉండాలి, సైలెన్సరుకు దూరంగా. డబ్బా మూతకు చిల్లు పెట్టడం మరువవద్దు, లేకుంటే అదే రోగం దీనికీ వస్తుంది. ఫిల్టరు మీది స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి పంపుతో బుడగలు పోయి నిండుధార వచ్చేవరకు కొట్టి, స్క్రూ బిగించండి. తరువాత పెద్ద పంపు మీది స్క్రూ కూడా అలాగే. ఈ వరుస తప్పితే గాలి ముందుకు పోయి కూర్చుంటుంది. ఇప్పుడు బండి ఎప్పుడూ ఆగే పనినే, ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువసేపు చేయించండి. ఆగకుండా నడిచినదా, ట్యాంకు, మూత, కుళాయి, కింది గొట్టం చూసుకొంటే చాలు, పంపు విప్పవలసిన పని లేదు. డబ్బా మీద కూడా ఆగినదా, ఫిల్టర్లు, ఫీడ్ పంపు, వాటి వాషర్లు చూడాలి. పెద్ద పంపు అన్నిటికంటే చివర.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. పెద్ద పంపు నుండి నాజిల్సుకు పోయే సన్నని ఇనుప పైపులను ఇంజను నడుస్తుండగా చేతితో తడిమి చూడవద్దు. అక్కడ కంటికి కనబడని చిల్లు నుండి వచ్చే డీజిలు చర్మంలోనికి దూసుకుపోతుంది. పైకి ముల్లు గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లుతుంది, వేలు తీసివేయవలసి రావచ్చును. అటువంటిది జరిగితే నొప్పి లేకపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి, డీజిలు లోపలికి వెళ్లినదని డాక్టరుగారితో స్పష్టంగా చెప్పాలి. కారుతున్నదేమో చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఈమధ్య వస్తున్న కామన్ రైలు బండ్ల పైపుల జోలికి అసలే పోవద్దు. మేము వ్రాసినదంతా పాత పంపుల ట్రాక్టర్లకే.

లోపం తేలేవరకు రాత్రిపూట ఆ బండికి ట్రాలీ కట్టవద్దు, అందులో మనుషులను అసలే ఎక్కించవద్దు. పొలంలో ఆగితే పోయేది ఒక పూట పని. హైవే మీద, వెనుక లైటు లేని ట్రాలీతో మలుపులో ఆగితే వెనుక వచ్చే లారీకి కనబడదు. ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు అంటించండి, బండిలో ఒక టార్చిలైటు ఉంచండి. తప్పనిసరియై రోడ్డు మీద ఆగితే మనుషులను దించి రోడ్డు దిగువకు పంపండి. మనవారు ఆగిన బండి చుట్టూ రాళ్లు పేర్చి, బండి కదలగానే వాటిని అక్కడనే వదిలిపోతారు. ఆ రాళ్లన్నీ రోడ్డు పక్కకు వేసిన తరువాతనే బండి ఎక్కండి.