రోగిపై పడు కిరణములకు ఉమ్మడి లెక్క

1895లో రంట్జన్ పండితుడు ఎక్స్‌రే కిరణములను కనుగొన్న నాటినుండి వైద్యమునకు క్రొత్త చూపు కలిగినది. ఆ చూపునకు లోకము చెల్లించిన వెల తక్కువది కాదు. తొలి దినములలో రక్షణ లేక ఈ కిరణములతో పనిచేసిన వైద్యులును, సహాయకులును పుండ్లతోను, కాన్సరుతోను మరణించిరి. జర్మనీలోని హాంబర్గు ఆసుపత్రి ఆవరణమున 1936లో వారి స్మారకముగా ఒక శిల నెలకొల్పి 169 పేర్లు చెక్కిరి.

వారి త్యాగము వ్యర్థము కాలేదు. 1928లో స్టాక్‌హోమున రక్షణ నియమములకై అంతర్జాతీయ సంఘ మేర్పడెను. మన దేశమున 1983లో అణుశక్తి నియంత్రణ మండలి స్థాపింపబడెను. నేడు కిరణ యంత్రములకడ పనిచేయువారు మోతాదును కొలుచు బిళ్ళను రొమ్మున ధరింతురు. వారికి ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు మించరాదు. ఏ ఒక్క ఏటను 30 దాటరాదు.

మరి రోగి మాట యేమి? అతని కిట్టి పరిమితి లేదు. ఉండుటకును వీలు లేదు. కాన్సరు కంతిని నశింపజేయుటకు పెద్ద మోతాదే కావలయును. ప్రమాదమున తలకు దెబ్బ తగిలినవానికి లెక్క చూచి స్కాను నిరాకరింపరాదు. కావున రోగికి రక్షణలు రెండే: పరీక్ష అవసరమై యుండుట, అవసరమునకు మించి కిరణములు పడకుండుట. మొదటిది వైద్యుని వివేకముపై నాధారపడును. రెండవది కొలతవలననే తెలియును. ఛాతీకి తీయు సి.టి. స్కాను మోతాదు సాధారణ ఎక్స్‌రేకంటె పదులరెట్లు అధికము. అదే స్కానుకు ఒకచోట పడు మోతాదు వేరొకచోట పడుదానికి కొన్ని రెట్లు కావచ్చును. చిత్రము చక్కగా వచ్చినంతకాలము ఎక్కువ పడినదని ఎవరికిని తోచదు. పలు ఆసుపత్రుల కొలతలను ప్రక్కప్రక్కన నుంచి, నాలుగింట మూడు ఏ మోతాదుకు లోబడి పని నెరవేర్చుచున్నవో గుర్తించి, దానిని మించినవారు కారణము వెదకుకొనుట నేటి పద్ధతి. ఒంటరి ఆసుపత్రికి ఇది సాధ్యము కాదు.

రైలు చక్రమునకు కొలత తప్పినచో ఏమగునో లాలాగూడ కార్ఖానాను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. అచటనే రైల్వే ఆసుపత్రి యున్నది. సమీపమున 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ మున్నది. అందలి భౌతికశాస్త్రజ్ఞులు నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు ప్రాంతములలో సహజ వికిరణమును కొలిచినవారు. తార్నాక దాటి కొన్ని మైళ్ళు పోయినచో, 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వికిరణమును కొలుచు పరికరములను నిర్మించుచున్నది. నగరమున ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి గలదు. విద్య, పరికరము, రోగి మువ్వురును ఒక్క నగరముననే యున్నారు.

ఈ సంస్థలు చేయి కలిపి, పేటలలోని స్కాను కేంద్రములను సైతము చేర్చుకొని, రోగుల పేర్లు బయటపడకుండ మోతాదులను సేకరించి, ఏటేట తెలుగున ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. పిల్లల పరీక్షలతో ఈ పని మొదలు కావలెను. వారి దేహములు ఈ కిరణములకు సులభముగా లోనగును, వారి ముందున్న ఆయువు దీర్ఘము. వైద్యమున వికిరణ రక్షణకై పరిశోధన ప్రణాళిక కావలెనని అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2012లో బాన్ నగరమునుండి పిలుపు నిచ్చియే యున్నవి.

పాఠకులారా! అవసరమైన పరీక్షకు వెరవకుడు. పాత ఫిలిములను పారవేయక వైద్యునికి చూపుడు; క్రొత్తది తప్పనిసరియా యని వినయముగా అడుగుడు. పనివాని రొమ్మున బిళ్ళ యున్నది. రోగి పక్షమున ఈ ఉమ్మడి లెక్క యుండవలెను.