కల్తీకల్లు – మెదడు

మనుష్యుని ప్రవర్తన చెడినప్పుడు మన గ్రామములలో "గాలి సోకినది" యనియో, "బుద్ధి చెడినది" యనియో పలుకుట వాడుక. ఈ రెండు మాటలును రోగికి కీడే చేయును.

2015వ సంవత్సరమున, జుక్కల్ నాడు చేరియుండిన నిజామాబాదు జిల్లాలో ప్రభుత్వము కల్తీకల్లు నరికట్టగా, దానికి అలవడిన వారనేకులు చేతులు వణకి, మూర్ఛలు వచ్చి, మతి తప్పి మాటలాడుచు ఆసుపత్రులకు జేరిరి. 2025 ఏప్రిల్ నెలలో మన బాన్సువాడ ప్రాంతముననే కల్తీకల్లు త్రాగి పలువురు వింతగా బ్రవర్తించిరి.

దీనికి గారణమేమి? కల్లులో గలుపు అల్ప్రాజోలము మున్నగు నిద్రమందులు, మెదడులోని నరకణముల వేగము నణచు 'గాబా' యను ద్రవ్యమునకు బలమిచ్చును. మందు మితిమీరిన స్పృహ మందగించును. ప్రతిదినము పుచ్చుకొన్నచో, మెదడు తన సహజమైన యడ్డును తానే తగ్గించుకొనును. అట్టి స్థితిలో మందు హఠాత్తుగా నాగిన, కళ్లెము తెగిన గుఱ్ఱములవలె నరకణములు చెలరేగును. అదియే మూర్ఛ; అదియే మతిభ్రమ. ఇందు దయ్యమును లేదు, దుర్బుద్ధియు లేదు.

కావున దుకాణములు మూయించుట మాత్రమే చాలదనియు, మోతాదును క్రమక్రమముగా దగ్గించు చికిత్స ప్రతి మండలమందును లభింపవలెననియు నా యభిప్రాయము. విద్యార్థులారా! మీ యింటివారెవరైన కల్లు ఒక్కసారిగా మాని వణకుచున్నచో, వారిని నిందింపకుడు, భూతవైద్యుని బిలువకుడు. ఆలసింపక ఆసుపత్రికి గొనిపొండు.