పుస్తకం చదివే గొంతు ఎవరిది?

మా అవ్వకు డెబ్బై ఏండ్లు దాటినయి. అక్షరం ముక్క రాదు. నాట్లు, కలుపులు, పత్తి ఏరుడు, వీటితోటే నన్ను డిగ్రీ దాక, బీఈడీ దాక చదివించింది. మా ఇంట్ల డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు ఆమెకు కండ్లు సరిగ్గ కనిపిస్తలేవు. పగలంతా ఇంట్ల ఒక్కతే కూసుంటది. తోడుగ ఉంటదని పోయిన వానాకాలం సెల్‌ఫోన్ల ఒక నవల పెట్టిచ్చిన. పుస్తకాలను చదివి వినిపించే యాప్‌లు ఈ మధ్య చానా వచ్చినయి. కథలు, నవలలు, పెద్దవాళ్ళ జీవితచరిత్రలు అన్నీ గొంతుల దొరుకుతున్నయి.

అవ్వ మంచం మీద కూసోని శ్రద్ధగ విన్నది. అరగంట అయినంక, ఒక మాదిగ ముసలాయన దొర ముందట నిలబడి మాట్లాడే ఘట్టం వచ్చింది. అప్పటిదాక చక్కగ చదువుతున్న చదువరి ముసలాయన మాట రాంగనే గొంతు మార్చిండు. ముక్కుతోటి, నత్తితోటి, సినిమాల జోకర్ మాట్లాడినట్టు మాట్లాడిండు. అవ్వ చెయ్యెత్తి ఆపుమన్నది.

"గీయన మనల్ని ఎక్కిరిస్తుండా బిడ్డా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేకుండె. తర్వాత పుస్తకం తీసి ఆ పేజీ చూసిన. రచయిత ఆ ముసలాయనను ఎంతో మర్యాదతోటి రాసిండు. ఆయన మాటలు తక్కువే గని ఒక్కొక్కటి బరువైన మాట. రాసినాయన ఇచ్చిన గౌరవాన్ని చదివినాయన గుంజుకున్నడు. మనం పుస్తకాల మీద సమీక్షలు రాస్తం, రచయితను నిలదీస్తం. చదివి వినిపించేవాణ్ణి ఎవ్వరం అడుగుతలేం. ఇగ అడగాలె. ఎందుకంటే అక్షరం రాని మనిషికి చదివే గొంతే పుస్తకం. ఆ గొంతు ఎక్కిరిస్తే పుస్తకమే ఎక్కిరించినట్టు.

ఇది చిన్న సంగతి గాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణల అక్షరాస్యత 66.5 శాతం. ఆడవాళ్ళల్ల 58 శాతం. అంటే ఊరూరికి మా అవ్వ లాంటి అవ్వలున్నరు. మన సాహిత్యం ఎవరి బతుకు గురించి అచ్చయిందో, వాళ్ళల్ల చానామంది దాన్ని చదవలేరు. వాళ్ళకు అందాలంటే చెవి ద్వారనే అందాలె.

ఆ చెవి కథ కూడ మనకు తెలిసిందే. వేదం విన్న శూద్రుడి చెవిల తగరమో లక్కో కరిగించి పొయ్యమన్నది గౌతమ ధర్మసూత్రం. చదువుడే గాదు, వినుడు కూడ నేరమే అన్నరు. శూద్రుడి సంగతే అట్లుంటే, ఊరి బయట ఉంచినోళ్ళ సంగతి చెప్పేదేముంది? అయినా మనోళ్ళు వినుడు బంద్ చెయ్యలే. వాళ్ళ పురాణం వినొద్దంటే మన పురాణం మనమే చెప్పుకున్నం. చిందోళ్ళు మాదిగవాడలకొచ్చి జాంబపురాణం ఆడిండ్రు. డక్కలోళ్ళు కిన్నెర పట్టి కులకథ చెప్పిండ్రు. బైండ్లోళ్ళు జమిడిక మీద ఎల్లమ్మ కథ తెల్లారేదాక చెప్పిండ్రు. మన పక్క జనగామ జిల్లా దేవరుప్పుల మండలం చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్యకు 2022ల ఇచ్చిండ్రు. బిరుదులు ఇప్పుడొచ్చినయి, విద్య మాత్రం తరతరాలది. ఈ దేశంల మొదటి "ఆడియో పుస్తకాలు" వీళ్ళే అంటె నేను తప్పనను.

వాళ్ళ చెప్పుడుల ఒక మర్మం ఉన్నది. కథ చెప్పేటాయన ఒక్కడే చెప్పడు. పక్కన వంత ఉంటడు. ముందట కూసున్నోళ్ళు ఊ కొడుతరు. ఊ ఆగితే కథ ఆగుతది. అర్థం గాకుంటె మళ్ళ చెప్తడు, ఏడుపొస్తె ఆగుతడు. వినేవాడికి కూడ కథల ఒక వాటా ఉన్నది. ఫోన్ మన ఊ కోసం ఆగదు. అది తన పాటికి తను పోతనే ఉంటది. ఈ లోపం ముందుగాల గుర్తుపెట్టుకోవాలె.

నా చిన్నతనంల క్యాసెట్లు ఉండె. 1991ల చుండూరు అయినంక మన మీద పాటల క్యాసెట్లు వాడకొచ్చినయి. వాడంతటికీ ఒక్కటే టేప్ రికార్డర్. పొద్దుమూకంగ దాని చుట్టు కూసునేది. పాట అయిపోయినంక పెద్దోళ్ళు టేప్ ఆపి, ఫలానా ఊళ్ళె గిట్లనే అయిందని మాట్లాడుకునేది. మళ్ళ తిప్పి పెట్టేది. ఆ గొంతులు మా ఇంటి గొంతుల లెక్కనే ఉండె. అందుకే రాత్రంతా చెవుల గింగురుమనేది. క్యాసెట్ పొయ్యింది, ఫోన్ వచ్చింది. కొత్తదనం బాగనే ఉన్నది గని, గొంతు మళ్ళ పరాయిదైంది.

పరాయిది అంటె ఏంది? రేడియోల, టీవీల ఏండ్ల తరబడి స్థిరపడ్డ ఒక తెలుగున్నది. ఏ జిల్లాదో చెప్పకున్నా అందరికీ ఎరుకే. దాన్ని "శుద్ధమైన ఉచ్చారణ" అన్నరు. మిగిలినదంతా యాస అన్నరు. ఆ గొంతుతోటి కథనం చదువుతరు. పాలేరు, కూలి, ముసలవ్వ మాట్లాడంగనే "యాస" పెడుతరు. దొర మాటకు యాస ఉండది! దొర కూడ ఈ తెలంగాణ మట్టిల పుట్టినోడే గద? ఆయన నోట పుస్తకాల తెలుగెట్ల వచ్చింది? ఇక్కడనే కులం దొరికిపోతది. మన వరంగల్‌ల బతికిన కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నం. దండలు ఆయనకేసి, మైకు మాత్రం ఆ పాత గొంతుకే ఇస్తున్నం.

ఇంతమాట అన్నంక నా తప్పు కూడ చెప్పుకోవాలె. చిన్నప్పుడు పాఠం బయటికి చదువుమంటె లేసి చదివిన. "శ" పలుకమంటె "స" వచ్చింది. తరగతంతా నవ్వింది, సారు కూడ నవ్విండు. ఆ నవ్వు మీద కోపంతోటే నేను పంతులునైన. కాని ఇరవై ఏండ్లు బడిల నేను చేసిందేంది? మన పిల్లగాడు "వొచ్చిండు" అని చదివితే, ఆపి "వచ్చాడు" అను అన్న. నవ్వలేదు, అంతే తేడా. అవ్వ ఆ ప్రశ్న అడిగిన రోజు నాకు నా తరగతి గది కూడ యాదికొచ్చింది.

ఇప్పుడు నవలల సంగతి. వేముల ఎల్లయ్య "కక్క" 2000ల వచ్చింది. మాదిగల నోటిమాటలనే రాసిన నవల. చానామంది చదువుకున్నోళ్ళు "కష్టంగ ఉన్నది, అర్థం కాలేదు" అన్నరు. నేను కొన్ని పేజీలు మా వాడల బయటికి చదివిన. ఒక్కరు గూడ అర్థం కాలేదనలే. అచ్చుల కష్టమైన మాట చెవికి సులువైంది. ఎందుకంటె అది చెవికి పుట్టిన మాట. అసొంటి పుస్తకాలను ముందు గొంతుల తేవాలె. జి. కల్యాణరావు "అంటరాని వసంతం" కూడ 2000దే. రూతు అనే ముసలామె జ్ఞాపకాలల్ల నుంచి తరాల కథ నడుస్తది. దాన్ని ఒక పెద్దమనిషి ఆడగొంతు నిదానంగ చెప్తే చాలు, నాటకం అక్కర లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" 1922ల వచ్చింది, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. గుంటూరు వైపు మాట అది. దాన్ని మా వరంగల్ మాటల చదివినా తప్పే. ఎక్కడి బతుకుకు అక్కడి మాట.

నేను విన్నదాంట్ల నాకు తెలిసినంత వరకు మంచి చదువరి గుర్తులివి. పాత్రకొక్క గొంతు పెట్టి అభినయించేటోని కన్న, ఒక్కటే గొంతుతోటి వేగం, బరువు మార్చి చదివేటోడు మేలు. కొట్టిన ఘట్టం, చంపిన ఘట్టం వచ్చినప్పుడు వెనుక సంగీతం పెట్టనోడు మేలు. ఆ బాధకు ఫిడేలు అవసరం లేదు. ఊరిపేర్లు, మనుషుల పేర్లు అడిగి తెలుసుకొని పలికేటోడు మేలు. అన్నిటికంటె ముఖ్యం, వాక్యం అయినంక ఒక ఊ పట్టేంత జాగ ఇడిచేటోడు మేలు. ఇప్పుడు మనిషి లేకుంట యంత్రమే చదివే గొంతులు కూడ వచ్చినయి. కండ్లు లేని విద్యార్థికి పాఠం వినెటందుకు అవి పనికొస్తయి, కాదనను. కాని ఎక్కడ ఆగాలెనో యంత్రానికి ఎరుక లేదు. "వెట్టి" అనే మాటను, "చెట్టు" అనే మాటను ఒక్క తీరుగనే పలుకుతది.

జీవితచరిత్రల రోగం వేరే. బాబాసాహెబ్ జీవితం ఎక్కడ విన్నా మేఘం ఉరిమినట్టు గొంతు, వెనుక శంఖాలు, ప్రతి వాక్యానికి ఒక దండం. ఆయనను మనిషిగ ఉండనిస్తలేరు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభల మాట్లాడినప్పుడు, రాజకీయాలల్ల భక్తి మనల్ని దిగజారుస్తదని హెచ్చరించింది ఆయనే గద! ఆయన స్వయంగ రాసుకున్న "వీసా కోసం నిరీక్షణ" ఉన్నది. 1901ల తొమ్మిదేండ్ల పిల్లగాడు తండ్రి దగ్గరికి రైల్ల పోయి, మసూరు స్టేషన్ల దిగి, కులం తెల్వంగనే బండి దొరకక, రాత్రంతా నీళ్ళు పుట్టక పడ్డ గోస. దాన్ని ఉరిమే గొంతుతోటి చదువుతే పిల్లగాడు మాయమైతడు. దప్పికైన పిల్లగాని గొంతుల తడి ఉండది. అట్ల చదవాలె.

గోగు శ్యామల రాసిన టి.ఎన్. సదాలక్ష్మి బతుకుకథ "నేనే బలాన్ని" 2011ల వచ్చింది. మంత్రిగ, డిప్యూటీ స్పీకర్‌గ చేసి, ముసలితనంల దండోరా ఉద్యమంల నిలబడ్డ మనిషి. ఆమెను మెత్తటి గొంతుతోటి చదివితే ఆమె పోతది. గరుకు ఉండాలె. ఇగ మన కాజీపేట సెయింట్ గాబ్రియేల్ బడిల పంతులు చేసిన కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్, ఆయన కుటుంబకథను మేనకోడలు సుజాత గిడ్ల ఇంగ్లీషుల రాసింది. 2017ల అమెరికాల అచ్చయింది, ఇంగ్లీషు గొంతుల కూడ వచ్చింది. కాజీపేట పేరు వినంగనే నా పానం లేసొచ్చింది. కాని ఇంగ్లీషు నా దాకనే వచ్చింది, మా అవ్వ దాక రాలే.

కొందరు మిత్రులు ఒకమాట అంటరు. "చదువు కోసం ఇన్ని తరాలు కొట్లాడినం. ఇప్పుడు మళ్ళ వినుడు దగ్గరికి తీసుకపోతవా? పిల్లలు చదువుడు మానేస్తరు." ఈ భయం ఉత్తది గాదు. వినుడు చదువుడుకు బదులైతే నేను కూడ ఒప్పుకోను. పిల్లల చేతిల పుస్తకం ఉండాలె, చెవిల గొంతుండాలె. విన్న కథ పుస్తకం కోసం వచ్చి అడిగిన పిల్లలను నేను చూసిన. ఇంకొందరు అంటరు, "మాదిగ కథ మాదిగనే చదవాలె, మాల కథ మాలనే చదవాలె." దీనికి జవాబు మా అవ్వనే చెప్పింది.

ఆ నవల బంద్ చేసినంక నేనే చదువుదామని వై.బి. సత్యనారాయణ "మా నాయన బాలయ్య" తీసిన. కరీంనగర్ జిల్లా వంగపల్లి ఇడిచి రైల్వే పనిల చేరి, పిల్లలను చదివించుకున్న మాదిగ కుటుంబం కథ. మాదీ అదే వాడ, అదే కులం. గొంతు సవరించుకొని పది నిమిషాలు చదివిన. అవ్వ ఊ కొట్టలే.

"బడిల చదివినట్టు చదువుతున్నవు కొడుకా. ఇంట్ల చెప్పినట్టు చెప్పు" అన్నది.

పుట్టుక ఒక్కటే సాలదు. మన గొంతుల కూడ ఆ పాత పంతులు కూసోని ఉన్నడు. ఆయనను లేపి బయటికి పంపాలె. అట్లని మైకు అందరికీ సమానంగ ఉన్నదనుకుంటే అదీ మోసమే. మొదలు అవకాశం మనోళ్ళకు రావాలె. చదివినోళ్ళ పేరెయ్యాలె, కూలి ఇయ్యాలె. కథ చెప్పినోళ్ళకు గింజలు కొలిచి పంపిన వాడలు మనయి. ఉత్తగ చదివిపిచ్చుకునుడు మన పద్ధతి గాదు.

సంఘాలకు నేను చెప్పేది ఇదీ. మండలానికి ఇద్దరిని, ఒక ఆడమనిషిని ఒక మగమనిషిని, చదివెటందుకు తయారు చేద్దాం. చిందు, బైండ్ల కళాకారుల దగ్గర వాళ్ళను వారం రోజులు కూసోబెడుదాం. మన చట్టంల రచయిత చనిపోయినంక 60 ఏండ్లకు రచన అందరిదైతది. అంబేడ్కర్ 1956ల పోయిండు, ఉన్నవ 1958ల, భాగ్యరెడ్డి వర్మ 1939ల. వాళ్ళు బతికున్నప్పుడే అచ్చయిన రచనలు చదివి పెట్టెటందుకు ఎవరి అనుమతి అక్కర లేదు. అనువాదమైతే అనువాదకుని హక్కు చూసుకోవాలె. బతికున్న రచయితలను, ప్రచురణకర్తలను అడిగి తీసుకుందాం. కండ్లు లేనోళ్ళ కోసం గొంతుల చేసెటందుకు 2012 సవరణ మన చట్టంల దారి ఇచ్చింది. ఒక్కొక్క భాగం పావుగంట కంటె మించొద్దు. నెలకొక్కరోజు వాడల అందరం కూసోని విందాం. మధ్యమధ్యల ఆపుదాం. మాట్లాడుకుందాం.

మా ఇంట్ల మొదలైంది. రెండోసారి పుస్తకం మూసి మనసుల పెట్టుకొని, ఇంటి మాటల బాలయ్య కథ చెప్పిన. రైలు పట్టాల పని దగ్గర అవ్వ మొదటిసారి "ఊ" అన్నది. తర్వాత తన తమ్ముడు కాజీపేట రైలు కట్ట మీద కూలికి పోయిన సంగతి చెప్పుడు మొదలువెట్టింది. నేను పుస్తకం పక్కన పెట్టి ఫోన్ల రికార్డు నొక్కిన. ఇప్పుడు ఊ కొట్టే వంతు నాది.

- ఒక బడిపంతులు, వరంగల్