ఆత్మరక్షణ ఖాకీ సొత్తా?

పామర్రు సెంటర్లో టీ తాగుతూ ‘ఎన్‌కౌంటరే కరెక్టు’ అని తీర్పులిచ్చే పెద్దమనుషులారా, పేచీ మీతోనే.

కాలువ గట్టు మీద వంతు నీళ్ల దగ్గర గొడవైంది అనుకోండి. అవతలివాడు కత్తి తీశాడు. మీ తమ్ముడు చేతిలో ఉన్న పార తిప్పాడు. వాడు పోయాడు. స్టేషన్లో ఏమంటారు? ‘పారిపోవచ్చుగా? 112కి ఫోన్ చెయ్యొచ్చుగా? ఒక దెబ్బ చాలదా, రెండోది ఎందుకేశావ్?’ మెడ మీదికి కత్తి వస్తుంటే దెబ్బలు లెక్కపెట్టుకోవాలట! ప్రాణభయంలో వేసిన దెబ్బని బంగారం తూచే త్రాసులో పెట్టొద్దని సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ఆ మాట మీ తమ్ముడి దాకా వచ్చేసరికి రిమాండు, వాయిదాలు, అప్పులు అన్నీ అయిపోతాయి. ఆత్మరక్షణేనని చూపించుకోవాల్సింది కూడా అతనే. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా వచ్చాయి. నంబర్లు మారాయి. అంతే.

అవే సెక్షన్లు ఖాకీ తొడుక్కుంటే చూడాలి వైభవం! 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళ కూలీలు చచ్చారు. ఆత్మరక్షణ. 2019 డిసెంబర్ 6 తెల్లారుజామున చటాన్‌పల్లిలో, దిశ హత్యాచారం కేసులో పోలీసుల చేతిలో ఉన్న నలుగురు చచ్చారు. అదీ ఆత్మరక్షణే. మీరు పూలు చల్లారు.

దిశకు జరిగింది తలుచుకుంటే నాకూ రక్తం మరుగుతుంది. అందుకే అడుగుతున్నా, చేసింది ఆ నలుగురేనని మీకెవరు చెప్పారు? చంపినవాళ్లేగా! తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రాసింది. పోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా రాసింది. 2022లో నివేదిక బయటికొచ్చింది. మీ టీ గ్లాసు కదల్లేదు.

అంత దూరం ఎందుకు? 2007 నాటి మన ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసులో దోషి దొరికాడన్నారు, కోర్టు శిక్ష కూడా వేసింది. ఆ కుర్రాడు ఏళ్ల తరబడి జైల్లో మగ్గాక 2017లో హైకోర్టు నిర్దోషి పొమ్మంది. పట్టుకున్న రాత్రే కాల్చి ‘ఎదురుతిరిగాడు’ అని ఉంటే? బెంజి సర్కిల్లో టపాసులు కాల్చేవాళ్లు మీరే.

ఆత్మరక్షణో కాదో తేల్చాల్సింది కోర్టు, ముందు కేసు కట్టండి అని 2009 ఫిబ్రవరి 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం మన హైకోర్టులోనే చెప్పింది. సుప్రీంకోర్టులో ఆ తీర్పు నిలవలేదు. మీలో ఒక్కరికి చీమ కుట్టిందా?

నన్ను దేశద్రోహి అనండి, నేరగాళ్ల వకీలు అనండి. అనేముందు, ఆ పూలు చల్లినవాళ్లలో కమిషన్ నివేదిక చదివినవాడు ఒక్కడుంటే నా దగ్గరికి పట్టుకురండి.