చేయూత సంస్థలకు సర్కారు ద్రవ్యము: రైతులు విచారింపదగిన సంగతి

మన పల్లెలో పండిన కందులు పట్టణమునకు బోయి, అచ్చట పప్పుగా మారి, మరల మన పల్లె యంగడికే వచ్చుచున్నవి. పోవునప్పుడు తరుగు, హమాలీ, అడితి మనమే యిచ్చుకొనుచున్నాము. వచ్చునప్పుడు మిల్లువాని లాభమును మనమే చెల్లించుచున్నాము. ఆ మిల్లులో దొరకవలసిన పని యూరిలో లేనందున మన పిల్లలును కందుల వెంటనే పట్టణమునకు బోవుచున్నారు. ఈ స్థితిని మార్చుటకై రైతులచేత వ్యాపార సంఘములను పెట్టించి, వానికి మెలకువలు నేర్పు చేయూత సంస్థలను ప్రభుత్వము ద్రవ్యమిచ్చి పోషించుచున్నది. ఆ ద్రవ్యము ప్రజలు కట్టిన పన్నులలోనిదే. కావున నది యెట్లు వ్యయమగుచున్నదో విచారించుట మనకు హక్కు మాత్రమే కాదు, విధియు నగును.

2020 సంవత్సరము ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము దేశమందు పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు పథకము నారంభించెను. దీనికి కేటాయించిన మొత్తము 6,865 కోట్ల రూపాయలు. 2025 ఫిబ్రవరిలో పదివేలవ సంఘము నమోదైనది. మైదాన ప్రాంతములలో సంఘమునకు కనీసము 300 మంది సభ్యులుండవలెను. నిర్వహణ ఖర్చులకై మూడేండ్లలో 18 లక్షల రూపాయలకు మించకుండ సంఘమునకు సాయము లభించును. సభ్యులు చెల్లించిన వాటాధనమునకు సమానముగా, తలకు 2,000 రూపాయలకును, సంఘమునకు 15 లక్షలకును మించకుండ గ్రాంటు లభించును. ఇవి సంఘమునకు ముట్టునవి. ఇక సంఘమును కూడగట్టి, లెక్కలు నేర్పి, వ్యాపారమునకు దారి చూపు చేయూత సంస్థకు సంఘ మొక్కంటికి ఐదేండ్లలో 25 లక్షలకు మించకుండ ఖర్చు నిర్ణయింపబడినది.

ఈ యంకెలను జూచి కొందరు, “చేయూత సంస్థ లెందుకు? ఆ సొమ్మును గూడ మాకే యిచ్చిన చాలును” అనుచున్నారు. మే మట్లనము. ఉత్త సొమ్ము సంఘమును నిలుపజాలదు. లెక్కపుస్తకము సరిగా నుండవలెను, లైసెన్సులు పొందవలెను, పన్నుల దాఖలాలు గడువులోపల పంపవలెను, సరకును శ్రేణులుగా విభజింపవలెను, దూరదేశపు కొనుగోలుదారునితో ఒడంబడిక చేసికొనవలెను. ఇవన్నియు నాగలి పట్టినవానికి పుట్టుకతో వచ్చు విద్యలు గావు. వెనుక మద్రాసు రాజధానిలో వ్యవసాయ బ్యాంకుల విషయము విచారించిన ఫ్రెడరిక్ నికల్సన్, 1895, 1897 సంవత్సరములలో వెలువడిన తన నివేదికలో జర్మనీ దేశపు రైఫైజెన్ సంఘముల మార్గమును మనకు జూపెను. ఆ మార్గమునకు పునాది ధనము గాదు. ఇరుగుపొరుగువారి పరస్పర విశ్వాసము, పొదుపు, శిక్షణ. నేర్పువారు వలదనుట మన మేలు గాదు. నేర్పవలసినవారు నిజముగా నేర్పుచున్నారా యనునదే ప్రశ్న.

లోపము మాకిట్లు తోచుచున్నది. ఎన్ని సంఘములు నమోదైన వనునది లెక్కించుట సులభము. ఎన్ని సంఘములు తమ కాళ్లపై నిలిచిన వనునది లెక్కించుట కష్టము. సులభమైన లెక్కకే యెక్కువ విలువ వచ్చినయెడల, సంతకములు కూర్చి కాగితములు దాఖలు చేయుటయే పని యగును. బోర్డు వ్రేలాడును గాని కాటా యాడదు.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఈ పథకములో కార్యనిర్వహణాధికారికి నెలకు 25,000 రూపాయల వరకు, లెక్కల గుమాస్తాకు 10,000 రూపాయల వరకు జీతమునకు వీలున్నది. ఇద్దరికి కలిపి యేడాదికి 4,20,000 రూపాయలు. మూడేండ్లు గడచిన పిమ్మట నీ భారము సంఘముదే. నూటికి రెండు రూపాయలు సంఘమునకు మిగులు ననుకొన్నను, ఈ జీతములకే యేటికి రెండుకోట్ల పదిలక్షల రూపాయల వ్యాపారము జరుగవలెను. అనగా 300 మంది సభ్యులలో నొక్కొక్కరు 70,000 రూపాయల సరకును సంఘముద్వారా అమ్మవలెను, లేక కొనవలెను. గిడ్డంగి యద్దె, కరెంటు, లారీ కిరాయి దీనిలో చేరలేదు. కొత్త సంఘము మూడేండ్లలో ఈ మట్టమునకు జేరుట సులభమా? మొదట నమోదైన సంఘములకు ఈ గడువు తీరినది. ఇప్పుడవి నిలువకున్నచో, వానిపై పెట్టిన ద్రవ్యము ఏటిలో పిసికిన చింతపండు కాగలదు.

కావున మే మీ క్రింది మార్పులను కోరుచున్నాము. మొదటిది: నిర్వహణ సాయమును మూడేండ్లతో నొక్కసారిగా తెగగొట్టక, అంతే సొమ్మును ఏటేట తగ్గించుచు ఐదేండ్లకు పరచవలెను. నారు వేరూనకమునుపే నీరు కట్టివేయు రైతుండడు గదా. రెండవది: చేయూత సంస్థకు తుది కంతు చెల్లించుటకుముందు, ఆ సంస్థ చేసిన పనినిగూర్చి సంఘ సర్వసభ్య సమావేశము తీర్మానము చేయవలెను. పని చూచిన వాని మాటకు విలువ యుండవలెను. మూడవది: అమ్మిన సరకెంత, సభ్యునకు బజారుకంటె నెక్కువ ముట్టిన ధర యెంత, ఊరిలో కలిగిన పనిదినములెన్ని యను మూడంకెలను ఏటేట పంచాయతి కార్యాలయమునొద్ద ప్రకటింపవలెను. నాలుగవది: ఏండ్లతరబడి మనయూళ్లలో నున్న ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు గిడ్డంగులు, గుమాస్తాలు, పాత సభ్యులు కలరు. అవి యున్నచోట వానికే ఈ వ్యాపారపు విద్య నేర్పుట మేలు.

ప్రభుత్వమును అడుగుటతో మన విధి తీరదు. క్వింటాలుకు పదిరూపాయ లెక్కువ వచ్చునని కల్లములోనే సరకును దళారికి తూచి, ధర పడిపోయిన యేట మాత్రము సంఘము తలుపు తట్టు సభ్యులు మనలో లేరా? సంఘము మనది, సరకు సావుకారుది యైనచో ఏ సంస్థ యేమి చేయగలదు? 1956లో స్థాపితమైన ముల్కనూరు సహకార సంఘమును చూడుడు. పంటకు అప్పిచ్చుట, ఎరువు లందించుట, పండిన పంట నమ్మిపెట్టుట ఒక్కచోటనే జరుపుచు అది నిలిచినది. సభ్యుడు అప్పునకును అమ్మకమునకును సంఘమునే నమ్ముకొన్నచోట సంఘము సభ్యుని విడువదు.

వచ్చు సర్వసభ్య సమావేశమునాడు మన సభ్యులు రెండు ప్రశ్నలు తప్పక వేయవలెనని మా మనవి. సర్కారు సాయము నిలిచిపోయిన మరునాడు మన గుమాస్తా జీతము ఎచ్చటనుండి వచ్చును? ఈ యేడు మనలో నొక్కొక్కరము సంఘమునకు తెచ్చిన సరకెంత? మొదటి ప్రశ్నకు జవాబు రెండవదానిలోనే యున్నది.